డెబ్బై ఆరు గుండీలు

మార్చి 4

తమ్ముడూ,

బాగున్నావా అని అడగను. గొంతు కోసి మాటపెట్టె తీసేసినవాణ్ణి బాగున్నావా అంటే వెక్కిరించినట్టుంటుంది. నేను మాత్రం బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప.

నీకు గొంతు లేదు, నాకు అక్షరం లేదు. ఇక ఫోను ఎందుకు మనకి? మొన్న నువ్వు చేసినప్పుడు అటు నువ్వు బుస్సుమన్నావు, ఇటు నేను "ఎవరూ, ఎవరూ" అని అరిచాను, అంతే కదా మన కబుర్లు. అందుకని కింది వాటా దర్జీ చేత రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. "బట్టలకి లాగా అక్కడక్కడా లోపలికి మడవొచ్చా?" అంది. "ఒక్క మడత పెట్టావంటే ఊరుకోను" అన్నాను. ఆ మాట కూడా రాసినట్టుంది. రాయనీ.

అసలు సంగతికి వస్తాను. నీ పసుపు చేపకి ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. తిండి దగ్గరికి వస్తుంది, తినదు. దురద పట్టిన గొడ్డులాగా రాళ్లకేసి రుద్దుకుంటోంది. ఆ నారింజ చారల జంటకి తోకల మీద లేచాయి. అందరికంటే ముందు లేచింది మాత్రం నీలందానికి.

ముందే చెబుతున్నాను, తప్పు నాది కాదు. నువ్వు గోడకి అంటించిన బొమ్మల ప్రకారమే చేశాను. సూర్యుడి బొమ్మకి లైటు వేశాను, చంద్రుడి బొమ్మకి ఆపాను, చిటికెడు బొమ్మకి చిటికెడే వేశాను. మరి ఆ నీలందాన్ని తెచ్చిందెవరు? ఆసుపత్రికి వెళ్లే ముందురోజు సంచితో తెచ్చి తొట్టెలో దింపింది నువ్వు కాదూ? కొత్త చేపని నెల రోజులు విడిగా పెట్టి చూడందే కలపకూడదని ఊరందరికీ ఉపన్యాసాలిచ్చేవాడివి! చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఏం చెయ్యాలో వెంటనే రాయి. నీ ఇంటికి కాపలా వచ్చి నీ చేపల్ని చంపిందన్న పేరు ఈ వయసులో నాకొద్దు.

నీ అక్క (దర్జీ బిల్లుల మీద ముద్ర కొట్టే సిరాతో వేలిముద్ర)


మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. మడతలేమీ లేవు, దర్జీగారికి నా ధన్యవాదాలు.

ఇక్కడ పలక మీద రాసి మాట్లాడుతున్నాను. లిఫ్టు మెకానిక్కుగా ముప్పై ఏళ్లు, లోపల ఇరుక్కున్నవాళ్లకి తలుపు బయట నిలబడి ధైర్యం చెప్పాను. ఇప్పుడు నేను లోపల ఉన్నాను, బయటివాళ్లు ధైర్యం చెబుతున్నారు. వాళ్ల మాటలకి ధైర్యం రాదని ఇప్పుడు తెలిసింది.

నీలందాని విషయంలో నువ్వన్నది నిజం. తప్పు నాదే. నెల ఆగి చూసుకునే తీరిక నాకు ఉంటుందో లేదో అనిపించింది. ఒక్కసారి అది ఆ నీళ్లలో తిరగడం చూసి వెళ్దామనుకున్నాను. పదకొండేళ్లు తప్పని నియమం ఒక్క సాయంత్రం తప్పింది.

అవి చుక్కలు కాదక్కా, పురుగులు. ఒంటి మీద నాలుగైదు రోజులుంటాయి, రాలి అడుగుకి వెళ్తాయి, రాళ్ల మీదా ఇసుకలోనూ గూడు కట్టుకుంటాయి. ఒక్కో గూడులోంచి వందల పిల్లలు లేచి మళ్లీ చేపని వెతుక్కుంటాయి. చేప దొరకకపోతే ఒకటి రెండు రోజుల్లో చస్తాయి. కొన్ని గూళ్లు తెరుచుకోవడానికి రెండు నెలల పైన పడుతుంది. అందుకని డెబ్బై ఆరు రోజులు ఆ తొట్టెలో ఒక్క చేప కూడా ఉండకూడదు. రొయ్యలు, నత్తలు, పగడాలు ఉండొచ్చు, వాటిని ఈ పురుగు పట్టదు.

చేపలన్నిటినీ వెనక గదిలో తెల్ల టబ్బులోకి మార్చి రాగి మందు వెయ్యాలి. పెద్ద తొట్టెలో మాత్రం ఒక్క చుక్క పడకూడదు, పగడాలన్నీ పోతాయి. మొత్తం అయిదు: పసుపుది, జంట, నీలంది, రాళ్ల మధ్య ఉండే దొంగ. దొంగ వేలెడు కూడా ఉండదు, మూతి తప్ప ఏదీ బయటపెట్టదు. రాళ్లు కదపకుండా దొరికితే సరే. దొరకకపోతే రాళ్లన్నీ తీసెయ్యి. అవి పేర్చింది మీ మరదలని నాకూ తెలుసు. అయినా తీసెయ్యి.

టబ్బులో పెట్టిన చెయ్యి తడి ఆరకుండా తొట్టెలో పెట్టొద్దు. వల, బకెట్టు వేరువేరుగా ఉంచు.

ఇంకో మాట. పసుపుది బొటనవేలంత ఉన్నప్పుడు ఆమే తెచ్చింది. ఆమె పోయి నాలుగేళ్లయినా ఆమె కూర్చునే కుర్చీ వైపుకే వచ్చి నిలబడుతుంది. అది ఉంటే నాకు ఇంటికి రావాలని ఉంది. అది కూడా లేకపోతే ఆ గదుల్లో నాకేం పని? బెదిరింపు కాదు, ఉన్నమాట రాశాను.

నీ తమ్ముడు


మార్చి 16

ఒరే మాటకారీ,

తడి చెయ్యి గురించి నాకు చెబుతున్నావా? ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. అంటురోగుల వార్డు దుప్పట్లు ఎర్రతాడు కట్టి వచ్చేవి. వాటిని పట్టుకున్న చేత్తో మామూలు మూట ముట్టుకున్న పిల్లని చెంప మీద ఒక్కటిచ్చాను, పెద్దనర్సు నన్నే మెచ్చుకుంది. నువ్వు అప్పుడు నిక్కర్లేసుకుని తిరుగుతున్నావులే.

చేపల్ని పట్టడం నేనూ దర్జీ కలిసి చేశాం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. ఆవిడ వల పట్టింది, నేను తరిమాను. "అటు, అటు!" అని నేను, "ఎటమ్మా, గాజుకి ఎడమ కుడి ఉంటాయా?" అని ఆవిడ. గదంతా ఉప్పునీళ్లు. జంట ఇద్దరూ ఒకేసారి వలలో పడ్డారు, మొగుడూ పెళ్లాల తగువు మధ్యలో పట్టుకున్నట్టు. పసుపుది మాత్రం నా చేతి దగ్గరికి తనే వచ్చింది. పాపం, ఇక పరుగెత్తే ఓపిక లేదు. తోక పక్క ముల్లుతో అరచెయ్యి గీరింది, రెండు రోజులు మండింది.

అయిదూ తీశాం.

నీలంది టబ్బులో రెండో రోజే పోయింది. దాన్ని పూలకుండీలో పాతిపెట్టాను.

రాగి మందు కొలవడానికి నువ్వు పంపిన కాగితం మీద అంకెలున్నాయి, నాకెందుకవి? దర్జీ ఒకసారి కొలిచి, టబ్బు నీళ్లు పోసిన పరీక్ష సీసాలో ఏ రంగు రావాలో చూపించింది. ఆ రంగు గుండీ ఒకటి ఆవిడ డబ్బాలోంచి వెతికి తీసుకున్నాను. ఇప్పుడు రోజూ సీసా పక్కన గుండీ పెట్టి చూస్తాను. రంగు కలిసిందా, సరిపోయింది.

రోజుల లెక్క కూడా గుండీలతోనే. నిన్నటినుంచి రోజుకొకటి గాజుసీసాలో వేస్తున్నాను. డెబ్బై ఆరు లెక్కపెట్టి విడిగా మూట కట్టించాను. మూట ఖాళీ అయిన రోజు లెక్క పూర్తి.

మరి నీ గొంతుకి ఏం మందు వేస్తున్నారో ఒక్క ముక్క రాయవేం?

నీ అక్క


మార్చి 24

అక్కా,

అయిదూ తీశామన్న ఆ ఒక్క ముక్క పదిసార్లు చదువుకున్నాను. రాళ్లు తీసినట్టు రాయలేదు, తీయకుండానే దొంగని పట్టావంటే నువ్వు లిఫ్టు మెకానిక్కువి కావాల్సింది. ఒక్కటి మిగిలినా లెక్క మళ్లీ మొదటికే వచ్చేది.

నాకు నిన్నటినుంచి రేడియేషన్ లైటు పెడుతున్నారు. ముప్పై మూడు సార్లు. ముఖానికి ప్లాస్టిక్ తొడుగు వేసి బల్లకి బిగిస్తారు. నొప్పి లేదు. తర్వాత ఉంటుందట. పక్క మంచం ఆయన కూడా నాలాంటివాడే, బడిపంతులు. ఇద్దరం పలకలు పట్టుకుని కొట్లాడుకుంటాం. ఆయన తప్పులు దిద్దుతాడు.

దొంగ టబ్బులో తింటోందా? అది తిండి మానేస్తే బతకదు. దాన్ని గురించి రాయి.

జంటలో పెద్దది ఆడది. అది పోతే మగది కొన్నాళ్లకి ఆడదైపోతుంది. నిజమే, వాటి జాతి అంత. నాకా యోగం పట్టలేదు, నాలుగేళ్లయినా కూర కూడా సరిగా చెయ్యలేను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 7

తమ్ముడూ,

చుక్కలన్నీ పోయాయి! పసుపుది అద్దంలా ఉంది. జంట కూడా. మూడు పూటలా తింటున్నాయి. ఇంకా ఆ చేదు మందు నీళ్లలో ఎందుకు, గుడ్డి టబ్బులో ప్లాస్టిక్ గొట్టాల మధ్య? తొట్టెలోకి వదిలేస్తాను అంటే దర్జీ వదలనివ్వడం లేదు. "ఆయన్ని అడక్కుండా వద్దమ్మా" అని నాలుగు మెట్లెక్కి మరీ వచ్చి చెప్పింది. సరే, అడుగుతున్నాను.

దొంగ తింటోంది. నా వేలి దగ్గరికొచ్చి మరీ తింటోంది.

ఆసుపత్రిలో నీకు పాలు గొట్టంలోంచి పోస్తున్నారని దర్జీ తమ్ముడికెవరో చెప్పారట. నాకెందుకు రాయలేదు? నేనేమైనా ఏడుస్తాననుకున్నావా? అమ్మ పోయిన రోజు కూడా పన్నెండు మూటలు ఉతికి వచ్చినదాన్ని.

ఇక్కడ ఏ పనీ లేక కుర్చీలో కూర్చుని తొట్టె చూస్తుంటాను. నీ పెళ్లాం కుర్చీయే, దిండు మార్చలేదు. చేపలు లేని నీళ్లు ఎలా ఉంటాయో నీకు తెలుసా? పగడాలు ఊగుతుంటాయి, రొయ్య మీసాలు దువ్వుకుంటుంది, అంతా ఉన్నట్టే ఉంటుంది. ఉండాల్సినవాళ్లు బయటికెళ్లిన ఇల్లులాగా. ఒకప్పుడు దీన్ని చూసి నేను నవ్వాను. ఆ సంగతి ఇప్పుడెందుకులే. దర్జీ, అది కొట్టెయ్. కొట్టెయ్యనంటోంది, మడతలొద్దన్నానుగా అంటోంది.

నీ అక్క


ఏప్రిల్ 14

అక్కా,

వదలొద్దు. చేతులెత్తి అడుగుతున్నాను.

చుక్కలు రాలిపోవడం నయం కావడం కాదు. పైన తగ్గిందంటే కింద పెరుగుతోందన్న మాట. చాలామంది అక్కడే మోసపోతారు. "మందు పనిచేసింది" అని సంబరపడి వదిలేస్తారు, పదిహేను రోజులకి రెండింతలై వస్తుంది. ఈ ఉత్తరం అందగానే రాగి మందు ఆపి, టబ్బుని కడిగి ఆరబెట్టి కొత్త ఉప్పునీళ్లు పొయ్యి. చేపలు మాత్రం అక్కడే ఉండాలి. గుండీల మూట ఖాళీ అయ్యేదాకా.

నాకు సన్నటి గొట్టం వేసి చూశారు. శుభ్రంగా ఉందన్నారు. ఇంకా పదహారు లైట్లున్నాయి. మెడ చర్మం కాలిన అట్టలా అయింది, అంతే. పాలు గొట్టంలోంచే, నిజమే. రుచి తెలియకపోవడం ఒకందుకు మంచిది, ఇక్కడి పాలు మీ లాండ్రీ నీళ్లే.

దొంగ నీ వేలి దగ్గరికి వచ్చిందా? అది మీ మరదలి వేలి దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికీ రాలేదే. నాకు ఒక్కసారి కూడా రాలేదు. నాకు కుళ్లుగా ఉంది.

నీ తమ్ముడు


మే 30

తమ్ముడూ,

మూట ఖాళీ! సీసా నిండా గుండీలు. నిన్న ఆఖరిది వేసి, ఈ పొద్దున మూడింటినీ పెద్ద తొట్టెలోకి వదిలాం. జంట ఒక్క క్షణం బిత్తరపోయి, తమ పాత పగడంలో దూరిపోయాయి, కిరాయి బకాయి పడ్డవాళ్లు ఇంట్లోకి దూరినట్టు. పసుపుది తొట్టె అంతా మూడుసార్లు చుట్టి కుర్చీ వైపుకి వచ్చి నిలబడింది. కుర్చీలో ఉన్నది నేను. అది నన్ను చూసి కాదు వచ్చింది, నాకు తెలుసు. అయినా కదలకుండా కూర్చున్నాను, దాని ఆశ దానిది.

నీకు గొంతు శుభ్రమైపోయింది, లైట్లు కూడా పూర్తయ్యాయి. ఇక ఎందుకు రావు? మధ్యలో పంపిన కార్డుల్లో మే మొదట్లో అన్నావు, మే ఆఖరన్నావు. దుప్పట్లు ఉతికి పెట్టాను. ఎర్రతాడు మూటలా కాదులే, మామూలుగానే.

నీ అక్క


జూన్ 6

అక్కా,

పసుపుది కుర్చీ వైపుకి వచ్చిందన్న వాక్యం పంతులుగారికి కూడా చదివించాను. ఆయన "వాక్యం బాగుంది" అని పలక మీద రాసిచ్చాడు. నువ్వు ఆయన దగ్గర మార్కులు కొట్టేశావు.

ఇంకొన్ని పరీక్షలున్నాయి, ఊరికే. వస్తాను. అది తిరుగుతోందిగా, వస్తాను.

నీ తమ్ముడు


జూన్ 14

తమ్ముడూ,

ఇది పూర్తిగా చదివాక తిట్టు. మధ్యలో ఆపొద్దు. అక్షరాలు సరిగా లేకపోతే దర్జీని ఏమీ అనకు.

పసుపుది నిన్న మధ్యాహ్నం పోయింది.

తొట్టెలోకి వదిలిన తొమ్మిదో రోజున చుక్కలొచ్చాయి. మర్నాటికి ఒళ్లంతా. మళ్లీ టబ్బులోకి తీశాను, మందు వేశాను, గుండీ రంగుకి కలిసిందాకా కూర్చున్నాను. ఈసారి పురుగు మొప్పల్లోకి వెళ్లింది. పైకి వచ్చి నోరు తెరుచుకుని గాలి కోసం చూసేది. నిన్ను ఆపరేషన్ బల్ల మీదికి తీసుకెళ్లేటప్పుడు నువ్వు చూసినట్టే చూసింది. జంటలో పెద్దది కూడా పోయింది. చిన్నది ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు నా కేసు నేనే చెప్పుకుంటాను. జడ్జీవి నువ్వే.

అయిదూ తీశామన్నాను. అబద్ధం. నాలుగే తీశాం. దొంగ దొరకలేదు. దర్జీ ఆ రోజే "రాళ్లు తీద్దామమ్మా" అంది. "ఆయనకి అయిదూ అని రాయి, రేపు నేను పట్టుకుంటాను" అన్నాను. ఆ రేపు రాలేదు. పోనుపోను ఆవిడా అడగడం మానేసింది. ఆవిడకి ఇందులో పాపం లేదు, చెప్పింది చెప్పినట్టే రాసింది, రాయమన్నదే తప్పుగా రాయమన్నాను. తింటోందన్నది మాత్రం నిజం. తొట్టెలోనే తింది. రోజూ రొయ్యకి వేసేటప్పుడు రాయి సందులోంచి మూతి పెట్టేది. ఒక చిటికెడు నా వేలికి అంటించి పట్టుకుంటే వచ్చి తీసుకునేది. రోజంతా నోరు మూసుకుని ఉండే ఇంట్లో నా దగ్గరికి వచ్చేది అదొక్కటే.

తెలియక చేశానని అనను. మూటలో ఎర్రతాడు దుప్పటి ఒక్కటి కలిసిపోయిందని అనుమానం వస్తే మూటంతా మళ్లీ ఉడకబెట్టేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా వదల్లేదు. అలాంటిదాన్ని, ఒక్కటి మిగిలితే ఏమవుతుందో నాకు తెలియదా?

రాళ్లు ఎందుకు తీయలేదో విను. నీ పెళ్లాం అవి పేర్చిన రోజు నేను మీ ఇంటికి వచ్చాను. మోచేతుల దాకా తడితో ఒక్కో రాయీ ఎత్తి పెడుతోంది. నేను గుమ్మంలో నిలబడి, "ఒళ్లో బిడ్డ లేనివాళ్లకి ఇలాంటి ఆటలే దిక్కు" అన్నాను. విన్నది. కళ్లు కూడా ఎత్తలేదు. "వదినా, ఈ పెద్ద రాయి ఇటు తిప్పితే బాగుంటుందా, అటు తిప్పితేనా?" అని అడిగింది. అటు అన్నాను, ఏదో ఒకటి అనాలని. ఆమె అటే తిప్పింది. పదకొండేళ్లుగా ఆ రాయి అటే ఉంది. దాని మీద పగడం పెరిగి తొట్టె గోడకి అతుక్కుపోయింది.

ఆ రాయి మీద చెయ్యి వెయ్యలేకపోయాను. అదీ నా కేసు.

పసుపుదాన్ని నీలందాని పక్కన పాతిపెట్టాను. అది లేకపోతే ఇంటికి రానన్నావు. నేను చదువుకోలేదు గానీ ఆ మాట మాత్రం నాకు కంఠతా వచ్చు.

నీ అక్క


జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం మధ్యలో ఆపలేదు. తిట్టను కూడా.

నువ్వు అన్న మాట ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాయి గురించి మాత్రం చెప్పేది. "అది మీ అక్క పెట్టించిన రాయి" అని వచ్చినవాళ్లకి చూపించేది. నీ మీద కోపంతో చూపించినట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు. అంతకంటే నాకు తెలియదు.

ఇక నా కేసు. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను.

మే పద్నాలుగున దవడ కింద బఠాణీ గింజంత గడ్డ తగిలింది. ఏప్రిల్లో శుభ్రంగా ఉందన్నది గొంతు లోపల. ఇది బయట, మెడలో. మళ్లీ కొయ్యాలన్నారు, మెడ పక్కంతా తీసి, ఆ తర్వాత ఇంకో మందు ఎక్కించాలట. నేను వద్దని పలక మీద రాశాను. వాళ్లు చదివాక తుడిచేశాను. నీకు "పరీక్షలు, ఊరికే" అని రాశాను. నువ్వు రాయి సందున ఒకటి దాచావు, నేను దవడ కింద ఒకటి దాచాను. ఒక్క తల్లి బిడ్డలం.

పసుపుది తిరుగుతోందని నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లి సరే అందామని వరండా దాకా నడిచాను. ఆయన లేడు. ఇప్పుడు ఇక వద్దు.

రాళ్లు తీయకు. దొంగనీ ఆ చిన్నదాన్నీ అలాగే ఉండనీ. పురుగుతో బతికిన చేప కొన్నాళ్లు బతుకుతుంది. వచ్చే నెలలో ఇంటికి వస్తాను. కుర్చీలో కూర్చుంటాను. ఉన్నన్నాళ్లు ఉంటాను. అది చాలక్కా.

నీ తమ్ముడు


జూన్ 29

ఒరేయ్,

నీ ఉత్తరం దర్జీ రెండుసార్లు చదివింది. మొదటిసారి నేను లేచి వెళ్లి గిన్నెలు తోముకుని వచ్చాను. రెండోసారి కూర్చుని విన్నాను.

రాళ్లు తీశాను.

నువ్వు వద్దన్నావన్న పంతంతో కాదు, ముందు తియ్యమన్నావనీ కాదు. మొదట అడిగినప్పుడే తీయాల్సింది కాబట్టి తీశాను. రొయ్యనీ నత్తల్నీ నాలుగు బకెట్లలో పెట్టాం. దర్జీ సహాయం చేస్తానంది, "బకెట్లు పట్టు, రాళ్లు మాత్రం నేనే" అన్నాను. మొత్తం పదిహేడు రాళ్లు. ఆ పెద్దది గోడకి అతుక్కుని రాలేదు. చాకు పెట్టి కోశాను, పగడం ఒక ముక్క విరిగింది. దాని కింద ఏముంటుందో అనుకున్నాను ఇన్నాళ్లూ. ఏమీ లేదు. నల్లటి మన్ను, కుళ్లు కంపు. అంతే.

దొంగ అట్టడుగు రాయి కింద దొరికింది. చేతిలో పెట్టుకుని చూశాను. ఒంటి మీద ఒక్క చుక్క లేదురా! ఎప్పుడూ లేదు. హాయిగా తింటూ, మూతి ఊపుతూ, అందరికీ అంటించింది అదే. దానికేం తెలుసు? తిట్టలేదు. టబ్బులో చిన్నదాని పక్కన వదిలాను. అవి రెండూ ఇప్పుడు ఒకే గొట్టంలో దూరి కూర్చున్నాయి.

రాళ్లు మళ్లీ పేర్చాను. ఆమె పేర్చినట్టు రాదు, నాకు ఆ చెయ్యి లేదు. పెద్ద రాయిని మాత్రం ఇటు తిప్పి పెట్టాను. ఆమె మొదట పెట్టుకున్న వైపు. ఇటే బాగుంది. ఆ రోజే బాగుంది.

ఇక నీ సంగతి. చుక్కలు రాలితే నయమైనట్టు కాదని నాకు పాఠం చెప్పింది నువ్వు. ఒక్కటి మిగిలినా లెక్క మొదటికే అన్నది నువ్వు. చేపకైతే డెబ్బై ఆరు రోజులు ఓపిక పట్టమంటావు, నీకైతే వరండా దాకా నడిచి వెనక్కి వస్తావా? డాక్టరు లేకపోతే కుర్చీ లేదా అక్కడ, కూర్చోవడానికి? నువ్వు వద్దని రాసిన పలక తుడిచేశావుగా, మరీ మంచిది, దాని మీద ఇప్పుడు ఏదైనా రాయొచ్చు. కోయించుకుంటే బతుకుతావని నాకెవరూ చెప్పలేదు. బతకవనీ చెప్పలేదు. నాకు తెలిసింది ఒకటే పని, అనుమానం ఉన్న మూట మళ్లీ ఉడకబెట్టడం.

గురువారం బస్సుకి నేనూ దర్జీ వస్తున్నాం. నా మోకాళ్ల గురించి నువ్వేం రాయక్కర్లేదు. డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్దాం. నువ్వు రాయి, దర్జీ చదువుతుంది, నేను మాట్లాడతాను. పంతులుగారిని కూడా తెచ్చుకో, తప్పులుంటే దిద్దుతాడు.

తొట్టె ఖాళీగా ఉంది. సీసాలోని గుండీలన్నీ మళ్లీ మూటలో పోసి, పొద్దున ఒకటి సీసాలో వేశాను. ఇంకా డెబ్బై అయిదు. నీది ఏ రోజునుంచి లెక్కపెట్టాలో గురువారం చెప్పు, ఆ గుండీలు వేరే రంగువి తెస్తున్నాను.

రాళ్లకి వేలు గీరుకుపోయింది, ముద్ర సరిగా పడలేదంటోంది దర్జీ. రెండోసారి వేసినా అలాగే ఉంది. ఎవరిదో నీకు తెలుసు.